నసీర్ గొంతు, దేవరాజు మొహం

వాహబ్‌ను మట్టిలో పెట్టిన రోజు, ఖబ్రస్తాన్ గేటు దగ్గర పసుపు మార్కెట్ హమాలీ ఒకాయన తువ్వాలతో ముక్కు తుడుచుకుని, "ఏం వాయించెటోడు పాపం. గాయిన చెయ్యి పడితె మర్ఫా మాట్లాడేది" అన్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. ఒకాయన మరో అడుగు ముందుకు వేసి, తన పెళ్లి ఊరేగింపులో వాహబ్ వాయించిన తీరును చేతులు తిప్పుతూ వర్ణించాడు కూడా.

వాహబ్ లారీ డ్రైవరు. హారన్ తప్ప జన్మలో ఇంకేదీ వాయించి ఎరగడు.

ఈ తప్పుకు కారణం ఆయన తండ్రి మొహం. మసూద్ అనే ఆ పెద్దాయన నిజాం గారి గుర్రపు దళంలో ఉండేవాడు. ఆ దళంలో ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబాలవాళ్లు చాలామంది ఉండేవారు. వాళ్లను సిద్దీలనీ హబ్షీలనీ పిలిచేవారు. నిజాం దిగిపోయి దళం చెదిరిపోయాక మసూద్ పిల్లవాడైన వాహబ్‌ను వెంటబెట్టుకుని ఎవరి లారీలోనో ఎక్కి, డీజిల్ అయిపోయిన చోట దిగాడని చెబుతారు. ఆ చోటు ఆర్మూరు. ఇక్కడి అమ్మాయి కుటుంబంలోకి కోడలుగా వచ్చింది, మనవడు పుట్టాడు, రేషన్ కార్డు వచ్చింది, అప్పడాలు పెట్టడం దగ్గర్నుంచి సర్పంచును తిట్టడం దాకా అన్నీ వచ్చాయి. కాని ఆ బిగుసుకున్న ఉంగరాల జుట్టూ, ఆ నిగనిగలాడే నలుపూ మాత్రం మూడో తరానికీ చెక్కుచెదరలేదు. హైదరాబాద్ పెళ్లిళ్లలో మర్ఫా వాయించేది అట్లాంటి మొహాలవాళ్లే అని ఆర్మూరు ఎక్కడో విన్నది. గిన్నెలాంటి తోలు వాయిద్యం అది, సన్నపు కర్రలతో కొడతారు, దాని ముందు నిలబడ్డవాడి కాళ్లు నిలవవు. ఇక లెక్క తేలిపోయింది. హబ్షీ అంటే మర్ఫా. మసూద్ గుర్రాలకు దాణా పెట్టిన మనిషి అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

గేటు దగ్గర ఆ మాటలు అన్నప్పుడు వాహబ్ కొడుకు నసీర్ చేతులకు ఇంకా మట్టి ఉంది. ఏడుపు రావలసినవాడికి భయం వేసింది. తననూ ఒకనాడు ఇట్లాగే చేయని పనికి పొగిడి పూడ్చేస్తారని ఆ క్షణంలో అర్థమైంది. ఎందుకంటే నసీర్‌కు తెలిసిన విద్య ఒకటుంది. అది పాట.

నసీర్ మార్కెట్ యార్డులో పసుపు సంచుల మూతులు కుట్టేవాడు. పెద్ద సూదీ, సుతిలి తాడూ పట్టుకుని సంచుల మధ్య కూర్చుంటే, ఎదురుగా పోచవ్వ, ఆమె జట్టు ఆడవాళ్లు సన్న కొమ్ములు ఒక కుప్పా లావు గడ్డలు ఒక కుప్పా ఏరుతూ ఉండేవారు. వాళ్లు పని బరువు తెలియకుండా పాడుకునేవారు. లింబాద్రి గుట్ట నరసింహస్వామి మీద పాటలు, గంగమ్మ పాటలు, అత్తలను తిట్టే పాటలు. అవన్నీ నసీర్ చెవిన పడి గొంతులోకి దిగాయి. తల్లి షహర్బానో తెల్లవారుజామున ప్రవక్తను తలుచుకుంటూ పాడుకునే నాతులు అంతకు ముందే అక్కడ కాపురం ఉన్నాయి. రెండూ కలిసి అతని గొంతులో ఏం మంతనాలు చేసుకున్నాయో గాని, నసీర్ పాట ఎత్తుకుంటే పోచవ్వ జట్టు చేతులు ఆగిపోయేవి. మేస్త్రీ వచ్చి అరిచేవాడు. తర్వాత మేస్త్రీ కూడా ఆగిపోయేవాడు.

పోచవ్వ మెచ్చుకునే పద్ధతి మాత్రం వేరుగా ఉండేది. "పసుపుల పుట్టినవ్, పసుపుల పెరిగినవ్. గీ నలుపు జర్రంత గూడ తగ్గలేదు గద కొడుకా. మా పసుపు నకిలీదా, నీ నలుపు గట్టిదా?" అనేది.

"నలుపే గట్టిది అవ్వా. తాత ఇచ్చినప్పుడే గ్యారంటీ ఇచ్చిండు" అనేవాడు నసీర్.

మరి చేతుల సంగతి? గొంతులో ఉన్న తాళం చేతుల్లోకి దిగకుండా భుజాల దగ్గరే ఆగిపోయింది. కుర్రతనంలో ఒకసారి, మొహం చూసి మోజుపడి, పక్కనున్న పెర్కిట్‌లో ఎవరో అతని మెడలో మర్ఫా తగిలించారు. పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం నిజామాబాద్ నుంచి తెచ్చింది, వాయిద్యానికి అడుగులు వేయడం నేర్చినది. నసీర్ రెండు నిమిషాలు వాయించేసరికి గుర్రం ముందు కాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే నిలబడిపోయింది. పెళ్లికొడుకును దింపి నడిపించుకుపోయారు. గుర్రానికి అర్థమైంది గాని ఊరికి కాలేదు. నసీర్‌కు ఆనాడు ఒంట్లో బాగాలేదని తీర్మానించారు.

ఎనభై ఆరులో కాశీరాం బస్టాండు ఎదురుగా క్యాసెట్ల దుకాణం తెరిచాడు. అది డిస్కో కాలం. ఆర్మూరు కుర్రాళ్లు బిగుతు ప్యాంట్లు వేసుకుని, రోడ్డు మధ్యలో కరెంటు షాక్ కొట్టినట్టు వణుకుతూ దాన్ని బ్రేక్ డాన్సు అనేవారు. దుకాణం గోడ మీద అమెరికా నల్ల పాటగాళ్ల పోస్టర్లు వెలిశాయి. ఆ పోస్టర్ల కింద సంచుల సూది జేబులో పెట్టుకుని టీ తాగుతున్న నసీర్‌ను చూడగానే కాశీరాంకు కళ్లు మెరిశాయి. ఆ నెలలోనే 'హబ్షీ మర్ఫా పార్టీ' పుట్టింది.

నసీర్ తనకు వాయించడం రాదని మొత్తుకున్నాడు. కాశీరాం అది పెద్ద అడ్డంకి కాదన్నాడు. వాయించేవాడు వేరే ఉన్నాడు. పేరు హన్మాండ్లు. పెర్కిట్ మాదిగవాడలో డప్పు పట్టిన ఇంటివాడు. అతని వేళ్లకు తోలు మీద తెలియని చోటు లేదు. మర్ఫా మీద చెయ్యి వేసిన మూడో రోజుకే హైదరాబాద్ వాళ్లు మెచ్చి చెవులు పట్టుకునేలా వాయించాడు. కాని హన్మాండ్లును ముందు నిలబెడితే ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలిసిన మనిషి. చావుకు, చాటింపుకు, పోశమ్మ బోనానికి పిలిచి, వాకిలి అవతల నిలబెట్టి, దూరం నుంచి దోసిట్లోకి జనం ముంత వంచే మనిషి. వాడికి బస్సు కిరాయిచ్చి, బిర్యానీ పెట్టి ఎవడు పిలుస్తాడు?

అందుకని కాశీరాం దర్జీ దగ్గర షేర్వానీలు కుట్టించాడు. నసీర్‌ను ముందు నిలబెట్టాడు. హన్మాండ్లుకు తలపాగా చుట్టి, 'హమీద్ భాయ్' అని పేరు మార్చి వెనక పెట్టాడు. తోలు వాయిద్యాలను వాయించే ముందు గడ్డి మంట దగ్గర కాస్తారు. వేడికి తోలు బిగిసి గణగణమంటుంది. కాయని తోలు తడి గోనెసంచిలా చప్పుడు చేయదు. హన్మాండ్లు ప్రతి ఊళ్లోనూ అన్నీ కాచి, నసీర్‌ది మాత్రం చల్లగానే వదిలేసేవాడు. నసీర్ దాన్ని మెడలో వేసుకుని, పళ్లు కనబడేలా నవ్వుతూ, కర్రలు గాలిలో తిప్పి, తల ఊపి, ఎంత గట్టిగా కొట్టినా వినబడేది హన్మాండ్లు వాయిద్యమే.

పార్టీ దుమ్ము లేపింది. బోధన్‌లో నవాబుల వారసులు, మాక్లూర్‌లో మక్కల రైతులు, అందరి పెళ్లిళ్లకూ వాళ్లే. ముస్లింల దావత్‌లో హమీద్ భాయ్‌ని దస్తర్‌ఖాన్ ముందు కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించారు. పెర్కిట్‌లో అతని నీడ మీద పడితే పక్కకు జరిగే పటేలే, భీమ్‌గల్ పెళ్లిలో అతనికి చెవి ఉన్న కప్పులో చాయ్ ఇచ్చి, అరబ్బు దేశంలో వానలు ఎట్లా ఉంటాయని అడిగాడు. హన్మాండ్లు కాసేపు ఆలోచించి, అంతంత మాత్రమేనని చెప్పాడు.

తిరిగి వస్తూ బస్సులో పడీపడీ నవ్వాడు. "తొడిగితె హమీద్‌ను, ఇడిస్తె హన్మాండ్లును. మా తాత ముత్తాతలు ఎంత మొక్కినా మారని కులాన్ని దర్జీ బొత్తాలు కుట్టి మార్చిండు భాయ్" అన్నాడు.

ఆ నవ్వులో నసీర్ కలవలేకపోయాడు. అతని ఖ్యాతి జిల్లా దాటుతోంది. అదే బాధ. పిల్లలు వెంటపడి 'ఆఫ్రికా ఉస్తాద్' అంటున్నారు. నాన్న వాయించకుండానే చచ్చాక వాద్యగాడయ్యాడు, తను బతికుండగానే అయిపోతున్నాడు.

ఎనభై తొమ్మిదిలో కాశీరాంను నిలదీశాడు. తను పాడతానన్నాడు. కాశీరాం దుకాణం వెనక గదికి కోడిగుడ్ల అట్టలు అంటించి, ఫ్యాను బందు పెట్టి, ఒక మధ్యాహ్నమంతా రికార్డు చేశాడు. హన్మాండ్లు ఢోలక్ పట్టాడు. నసీర్ లింబాద్రి స్వామి పాటలు చెమటలు కారుతూ పాడాడు. మూడో పాటలో బస్సు హారన్ కూడా ఉంటుంది. పాటలు అయ్యాక కాశీరాం కళ్లు తుడుచుకుని, ఇక అసలు విషయం చెప్పాడు.

"భాయ్, నీ గొంతు దేవుడే ఇచ్చిండు, నీ మొహం గూడ దేవుడే ఇచ్చిండు. గని రెండు ఇచ్చేటప్పుడు ఒకసారి కల్పి చూసుకోలే. స్వామి పాటల మీద నీ ఫోటో ఏస్తె మావోళ్లు కొనరు. మీవోళ్లు ఏమంటరో నీకే ఎరుక. గదే మర్ఫా క్యాసెట్ మీద నీ ఫోటో ఏస్తె అందరు కొంటరు."

"మర్ఫా నేను వాయించలే గద సేటు."

"కొనేటోడు చెవులతోటి కొంటడా? కండ్లతోటి కొంటడు."

రెండు క్యాసెట్లు వచ్చాయి. మర్ఫా క్యాసెట్ అట్ట మీద నసీర్ చొక్కా లేకుండా, మెడలో రంగురంగుల పూసలతో ఉన్నాడు. ఆ పూసలు సంతలో ఎడ్లకు కట్టడానికి అమ్మేవి. లోపలి వాయిద్యం హన్మాండ్లుది. స్వామి పాటల క్యాసెట్ మీద కాశీరాం బామ్మర్ది దేవరాజు ఉన్నాడు. దేవరాజు బట్టల దుకాణంలో గుమాస్తా. చీరలను తన భుజం మీదే వేసుకుని ఆడవాళ్లకు చూపించడంలో జిల్లాలో అతన్ని మించినవాడు లేడు. పాలమీగడ లాంటి రంగు. నామం పెట్టి పట్టు కండువా కప్పి ఫోటో తీయిస్తే, స్వామే దిగివచ్చి సొంతంగా పాడుకుంటున్నాడా అనిపించింది. లోపలి గొంతు నసీర్‌ది.

మర్ఫా కన్నా స్వామి పాటలే ఎక్కువ పోయాయి. పసుపు ఉడికించే బట్టీల దగ్గర అవే, జీపుల్లో అవే, చాయ్ హోటళ్లలో అవే. మసీదు కమిటీ పెద్దాయన ఒకరు మెట్లు దిగుతూ ఆ పల్లవి కూనిరాగం తీశాడట. గుడి పూజారి మర్ఫా దరువు బుర్రలో తిరుగుతుంటే హారతి గంట దాని లెక్కలో కొట్టాడట. ఎవరికి ఎవరి పాట నచ్చకూడదో అన్నీ వాళ్లకు నచ్చాయి. అట్ట మీద మొహం సరిగ్గా ఉంటే చాలు, లోపల ఏ గొంతున్నా ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

దేవరాజు మంచివాడు. మొదట సిగ్గుపడ్డాడు. ఊరూరా పిలిస్తే పోయి, టేపు వెనక నడుస్తుంటే ముందు నోరు కదిలించి, శాలువాలు కప్పించుకున్నాక సిగ్గు తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లర్ చుట్టడం మొదలుపెట్టాడు. చల్లనీళ్లు మానేశాడు. గొంతు పాడవుతుందని భార్యతో పోట్లాడడం కూడా తగ్గించాడు. ఒకనాడు యార్డుకు వచ్చినప్పుడు నసీర్‌తో, ఈమధ్య పై స్థాయిలో కొంచెం కష్టమవుతోందని ఆప్యాయంగా చెప్పుకున్నాడు. నసీర్ మిరియాల కషాయం తాగమని సలహా ఇచ్చాడు.

తొంభై ఒకటి వేసవిలో భీమ్‌గల్ రైతు రాజేశ్వర్ పటేల్ కూతురి పెళ్లి. ఆ ఏడు పసుపు ధర ఆయన ఊహకు అందనంత పలికింది, అందుకని రెండూ కావాలన్నాడు. ఎదుర్కోళ్లకు హబ్షీ మర్ఫా, పందిట్లో దేవరాజు పాటలు. అందరూ ఒకే జీపులో వెళ్లారు. నసీర్ ఒళ్లో చల్లని మర్ఫా, దేవరాజు ఒళ్లో నసీర్ గొంతున్న టేప్ రికార్డరు.

మగపెళ్లివారు ఊరి బయట దిగారు. ఎదురేగి తీసుకురావాలి. హన్మాండ్లు వాయిద్యాలు కాచి, తనకు ఇచ్చిన చాయ్ తాగడానికి పక్కకు వెళ్లాడు. ఆ కాస్త సేపట్లో పటేల్ తమ్ముడు వచ్చి వరసగా అన్నిటినీ తట్టి చూశాడు. ఒకటి చల్లగా ఉంది. అదీ ఉస్తాద్‌ది. మన ఇంటికి వచ్చిన పెద్దమనిషి వాయిద్యానికి ఇంత అమర్యాదా అని నొచ్చుకుని, ఆయనే గొంతుక్కూర్చుని, పంచె మాడుతున్నా లెక్కచేయకుండా గడ్డి ఎగదోసి, దాన్ని గణగణలాడేలా కాచిపెట్టాడు.

నసీర్ ఎప్పటిలాగే నవ్వుతూ, తల ఊపుతూ, కర్రలు పైకెత్తి దించాడు. తుపాకి పేలినట్టు మోగింది. అతనే ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటులో ఇంకో దెబ్బ పడింది, అదీ తప్పు చోట. ఆగితే గుట్టు బయటపడుతుంది, ఆగకపోతే పరువు పోతుంది. కొడుతూనే పోయాడు. ఎగురుతున్న కుర్రాళ్లలో ఇద్దరు ఒకరినొకరు తన్నుకున్నారు. ఒక మేనమామ చెయ్యి పైకెత్తి, దింపడానికి సమయం దొరక్క అట్లాగే తిరిగాడు.

వెనక హన్మాండ్లు మొహం మాడిపోయింది. అయితే పనివాడు పనివాడే. రెండు క్షణాలు చెవి ఒగ్గి విన్నాడు. నసీర్ తప్పులను ఆపలేనని తెలిసి, వాటి చుట్టూ తన దరువును వంచి, కుంటివాడి భుజం కింద చెయ్యి వేసినట్టు పట్టుకుని నడిపించాడు. అట్లాంటి వంకరటింకర నడక భీమ్‌గల్ గుట్టలు ఏనాడూ వినలేదు.

జనం వెర్రెత్తిపోయారు. పటేల్ తమ్ముడు మాడిన పంచెతోనే ఎగురుతూ, "గిదే అసలైన ఆఫ్రికా దెబ్బ. ఇన్నొద్దులు దాచి పెట్టుకున్నడు" అన్నాడు.

నసీర్ చేతులు ఆగిపోయాయి. తనకు రాదన్న సంగతి నిజంగానే బయటపడింది, నలుగురి ముందూ మోగింది. దాన్ని కూడా వాళ్లు మింగేశారు. ఇక ఈ చేతులతో ఏం చేసినా, ఏం చేయకపోయినా అతను ఉస్తాదే. మర్ఫా మెడలోంచి తీసి హన్మాండ్లుకు ఇచ్చి నేరుగా పందిట్లోకి నడిచాడు. అక్కడ దేవరాజు మఫ్లర్ సర్దుకుంటూ కూర్చున్నాడు. కాశీరాం టేపు వెనక్కి తిప్పుతున్నాడు. నసీర్ మైకు అందుకున్నాడు.

"జర ఇనుండ్రి. దేవరాజు క్యాసెట్ల పాటలన్ని నేను పాడినయే" అన్నాడు. తర్వాత పాడాడు.

కాశీరాం చేతిలో టేపు పురి విప్పుకుంది. పందిట్లో వడ్డన ఆగింది. నసీర్ కళ్లు మూసుకుని, యార్డులో సంచుల మధ్య కూర్చున్నట్టే, చివరి చరణం దాకా పాడి కళ్లు తెరిచాడు. చప్పట్లతో పందిరి గుంజలు కదిలాయి.

"అచ్చం దేవరాజు లెక్కనే పాడిండు" అన్నాడు ఒకాయన. కళ్లు మూసుకుంటే తేడా తెలియలేదని ఇంకొకాయన అన్నాడు. అతను హాస్యానికి 'నేను పాడినయే' అనడం మరీ బాగుందన్నారు. మిమిక్రీ కూడా వచ్చా ఈ ఆఫ్రికా ఆయనకు అని ఆశ్చర్యపోయారు. దేవరాజు లేచి, తన శాలువా తీసి నసీర్‌కు కప్పి, మైకులో, "మన అభిమాని మంచిగ పాడిండు. జర మెరుగు పెట్టుకుంటె ఇంక మంచిగుంటది" అన్నాడు. అందులో వెటకారం లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

జీపు ఎక్కబోతుంటే పటేల్ తల్లి లసుమవ్వ పిలిపించింది. పెద్ద వయసు, చూపు మాత్రం చురుకు. నసీర్‌ను కిందా మీదా చూసి, "గా పిలగాని క్యాసెట్టు మా ఇంట్ల రోజు మోగుతది. దాంట్ల నీళ్లు కలిసినయ్. నీది చిక్కగున్నది. నీ పేరు మీద క్యాసెట్టు తీయి, కొంట" అన్నది.

నసీర్ ఇంటికి వచ్చి భార్య తాహెరాకు అంతా చెప్పాడు. ఆమె బోధన్ పిల్ల, నోరు గట్టిది. గోడకు ఆనుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "క్యా జీ, మీ గొంతుకు మీరే నకలు అయిన్రా? అదీ అసలు కన్న మంచి నకలు" అన్నది. నసీర్ నవ్వలేదు. అది చూసి ఆమె కూడా ఆపింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "కాశీరాం దుకాన్ల మీ మొహం కుదువ పడ్డది. పొయి ఇడిపించుకొని రండ్రి" అన్నది.

నసీర్ మర్ఫా మానేశాడు. పెళ్లిళ్ల కాలం నడిమధ్యలో హబ్షీ లేని హబ్షీ పార్టీని ఎవరూ పిలవలేదు. కాశీరాం రెండు వారాలు అలిగాడు, ఒక వారం బెదిరించాడు, చివరికి దారికి వచ్చాడు. 'దేవరాజు పాటలు నసీర్ గొంతులో' అని వేద్దామన్నాడు. నసీర్ దేవరాజు పేరు వద్దన్నాడు. తన పేరు, తన ఫోటో, తన పాట. ఢోలక్ దగ్గర హన్మాండ్లు అని హన్మాండ్లు పేరు. కాశీరాం పళ్లు కొరుకుతూ సరేనన్నాడు.

కొత్త పాటలు పాడారు. అట్టలు హైదరాబాద్‌లో అచ్చయి కార్తీకంలో, లింబాద్రి జాతరకు రెండు రోజుల ముందు వచ్చాయి. హన్మాండ్లు ఒకటి తీసి, దూరం పెట్టి చూసి, దగ్గర పెట్టి చూసి, "ఎవరు భాయ్ గీ బ్యాంకు మేనేజరు?" అన్నాడు.

అట్ట మీద గోధుమరంగు మనిషి ఉంగరాల జుట్టుతో నవ్వుతున్నాడు. కాశీరాం ఒట్లు వేశాడు. తనేం చెప్పలేదట. అచ్చు వేసేవాడు ఫోటో చూసి, వెలుతురు చాలక నల్లగా పడిందనుకుని, పాపం తనే కూర్చుని తెల్లచేశాడట. అందుకు పైసలు కూడా అడగలేదట. మంచి మనసుతో చేసిన పని అది.

నసీర్ ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. తిడదామంటే ఎదురుగా తిట్టదగినవాడు లేడు. పటేల్ తమ్ముడు మర్యాదకు మర్ఫా కాచాడు, దేవరాజు ప్రేమతో శాలువా కప్పాడు, అచ్చువాడు దయతో తెలుపు చేశాడు. అందరూ మంచివాళ్లే. నేల మీద కూర్చుని, డబ్బాలు ఒక్కొక్కటే విప్పి, అట్టలు తీసి పక్కన పడేయడం మొదలుపెట్టాడు. కాశీరాం అట్ట లేని క్యాసెట్టును కుక్క కూడా చూడదనీ, తన దుకాణంలో పెట్టననీ అన్నాడు. నసీర్ చేతులు ఆపలేదు. హన్మాండ్లు కూడా వచ్చి కూర్చున్నాడు.

జాతర నాడు గుట్ట కింద, బొమ్మల దుకాణాల వరసలో చాప పరిచారు. ముందు అట్టల్లేని క్యాసెట్ డబ్బాల కుప్ప. వెనక నసీర్. పక్కన షేర్వానీ లేకుండా, తన మామూలు అంగీలో హన్మాండ్లు, ఒళ్లో ఢోలక్. పోచవ్వ జట్టు గుట్టెక్కే ముందు వచ్చి, ఒకటి పాడించుకుని, మెచ్చుకోలుగా నాలుగు తిట్లు తిట్టి పైకి పోయింది. పది అడుగుల అవతల కాశీరాం జాతరకని వేసిన దుకాణం. అందులో దేవరాజు క్యాసెట్టు పెద్ద స్పీకర్లలో మోగుతోంది. నసీర్ తన గొంతుతోనే పోటీ పడవలసి వచ్చింది. అది రెండేళ్ల కిందటిది, స్పీకర్లున్నది, మొహం ఉన్నది.

జనం ఆగుతున్నారు, నల్లటి మనిషి నోట్లోంచి స్వామి పాట వస్తుంటే చూస్తున్నారు, మర్ఫా ఏదని అడుగుతున్నారు, పోతున్నారు. ఒకరిద్దరు చిల్లర వేయబోతే హన్మాండ్లు వద్దన్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

మాక్లూర్ రైతు ఒకాయన, భుజాన దేవరాజు క్యాసెట్టున్న సంచీతో, పోతూ పోతూ నిలబడ్డాడు. అనుమానపు మనిషి. నసీర్ నోరు చూశాడు, అవతలి స్పీకర్లు చూశాడు. చాప మీదికి వంగి, చాప కింద తీగలేమైనా ఉన్నాయేమోనని ఎత్తి చూశాడు. నసీర్ పాడుతూనే కాలు కాస్త జరిపి చూసుకోనిచ్చాడు. తీగలు లేవు. ఆయన తిన్నగా కాశీరాం దగ్గరికి పోయి, "బంజేయ్ జర" అన్నాడు. ఎందుకని కాశీరాం అడిగాడు. ఆయన చెయ్యి చాపి తనే బటన్ నొక్కాడు.

దేవరాజు ఆగిపోయాడు. నసీర్ ఆగలేదు. జాతర రొదలో ఆ ఒక్క గొంతూ, ఢోలకూ మిగిలాయి. రైతు మళ్లీ చాప దగ్గరికి వచ్చి, చరణం అయ్యేదాకా నిలబడి, సంచీలోంచి క్యాసెట్టు తీసి అట్ట మీది మొహాన్ని చూపించాడు.

"మరి గీయిన ఎవరు?"

"బట్టల దుకాన్ల ఉంటడు. మంచోడే" అన్నాడు నసీర్.

"నువ్వు?"

"నసీర్. ఆర్మూర్ల పసుపు సంచులు కుడ్త."

"గాయినె?"

"హన్మాండ్లు. పెర్కిట్" అన్నాడు హన్మాండ్లు, తన గురించి అడిగారని నమ్మకం కుదరడానికి కొంచెం ఆలస్యమై.

రైతు తల గోక్కున్నాడు. కాస్త ముందుకు పోయిన భార్యను కేకేసి వెనక్కి పిలిచాడు. చెప్పులు విడిచి, తువ్వాల దులిపి, చాప అంచు మీద కూర్చున్నాడు. ఆమె కూడా వచ్చి, కొంగు నెత్తిన కప్పుకుని పక్కన కూర్చుంది. వాళ్లు కూర్చున్నారని వెనక ఇంకో ఇద్దరు కూర్చున్నారు.

"మొదటికెల్లి పాడు" అన్నాడు రైతు.

నసీర్ గొంతు సవరించుకున్నాడు. అవతల కాశీరాం టేపు మళ్లీ పెట్టబోయి, ఆ రైతు తల తిప్పి చూసిన చూపుకు, బటన్ మీద వేలు అట్లాగే ఉంచి నిలబడ్డాడు.